ప్లాస్టరుకి లొంగని కూత

ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది! ఇప్పుడేమొచ్చిందండీ ఈ మిషనుకి? మీరు కదిలారా? కాలు ముడుచుకున్నారా? పోనీ, కదలకుండా పడుకున్నారనా? దీని లెక్కలో అదీ నేరమేగా.

నావైపలా చూడకండి, దీన్నాపడం నాకు రాదు. మీకు మాత్రం వచ్చా? మీ ఫ్యాక్టరీలో పుట్టిందేగా, మీ కంపెనీ పేరేగా దీని నుదుటిమీద మెరుస్తోంది! ఏ మీట నొక్కాలో చెప్పండి. ఆ వేలితో గాల్లో గీతలు గీస్తే నాకేం తెలుస్తుంది? ఇదా? ఆ, నొక్కాను. “మీరు నిజంగానే ఆపదలచుకున్నారా?” అని అడుగుతోంది. అవునమ్మా తల్లీ, అవును. హమ్మయ్య, ఊరుకుంది. ఎంతసేపో చూద్దాం.

గొంతులో గడ్డ తీశాం, పదిరోజులు ఒక్కమాట కూడా మాట్లాడకూడదు అని డాక్టరుగారు చెప్పినప్పుడు మీ మొహం చూడాలి! నాకు మాత్రం లోపల్లోపల సంతోషమేసింది, దాచుకోవడమెందుకు. పెళ్ళైనప్పట్నుంచీ మీరు చెప్పడం, నేను ఊ కొట్టడం. ఇన్నాళ్ళకి నా వంతొచ్చింది. వినండి మరి. ఎక్కడికి పోతారు? చేతికి గొట్టం, వేలికి క్లిప్పు, ఛాతీకి తీగలు, అన్నీ మీ సరుకే.

ఆమధ్య ప్రదర్శనలో మైకు పట్టుకున్న అమ్మాయి అడిగింది కదా, “ఎప్పటికప్పుడు ఇన్ని కొత్త మిషన్లు కనిపెడుతున్నారు, దీని వెనక మీ ప్రేరణ ఏంటి సార్?” అని. మీరేమన్నారూ? గొంతు కాస్త గద్గదం చేసుకుని, “రోగి కళ్ళలో వెలుగమ్మా!” అన్నారు. ముందు వరసలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్న నాకు పొలమారింది. రోగి కళ్ళట! ఎప్పుడు చూశారండీ మీరు రోగి కళ్ళు? చూసినవన్నీ ఆసుపత్రుల కొనుగోలు కమిటీ కళ్ళేగా!

ఒక్కసారి చూశారు. కాదంటే నా కళ్ళు పోతాయి. అత్తయ్యగారు జనరల్ వార్డులో ఉన్నప్పుడు. అంత పెద్ద వార్డుకి ఒక్కతే సిస్టరు. సెలైన్ సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందోనని మీరు కాసేపు, నేను కాసేపు పైకి చూస్తూ కూర్చునేవాళ్ళం, మెడలు పట్టేసేవి. ఒకరోజు మీరు మన ఇంటి తలుపు గంట ఊడదీసి పట్టుకెళ్ళారు. ఒక స్ప్రింగు, దానికి సీసా. సీసా తేలికైతే స్ప్రింగు పైకి లేచి గంట మోగేది. అంతే! మోగగానే సిస్టరు పరిగెత్తుకొచ్చేది. పక్క మంచాలవాళ్ళంతా మాకూ కావాలి, మాకూ కావాలి అని మిమ్మల్ని చుట్టేశారు. ఆరోజు మీ మొహంలో ఉన్న సంతోషం మన పెళ్ళినాడు కూడా లేదు. ఎంత ముద్దొచ్చారో! ఇంటికొచ్చినవాళ్ళు తలుపు బాదుకున్నా సరే, గంట తెచ్చి మళ్ళీ పెట్టండని నేనడగలేదు.

మరి ఆ తర్వాత? ఎదురు కంపెనీవాడు ఎర్రలైటు పెట్టాడని మనం ఎర్రదీ, పచ్చదీ పెట్టాం. వాడు తెర పెడితే మనం అంతకంటే బెత్తెడు పెద్ద తెర పెట్టాం. దానిమీద ఏం చూపించాలో తర్వాత ఆలోచిద్దాం అన్నాడు మీ తమ్ముడు. అమ్మకాలు చూసేవాడు కదా, అమ్ముడుపోతే చాలతనికి. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. ఇక్కడ పులెవరో, నక్కెవరో! వాళ్ళూ మనల్ని చూసే పెట్టుకుంటున్నారట!

నవ్వకండి, కుట్లు పిగులుతాయి.

ఆ కమిటీవాళ్ళలో ఒక్కరైనా జన్మలో ఓ సీసా తగిలించారా? “మీ మిషను ఎన్ని రకాల ఆపదలకి అరుస్తుంది?” “ఇరవై ఎనిమిదింటికండీ.” “అవతలివాళ్ళది ముప్పైకి అరుస్తుందే!” అంతే, ఆర్డరు కాస్తా పోయింది. ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర తల పట్టుకుని, “మనిషికి ఇంకేమేం ముంచుకురావచ్చో చెప్పవే” అని నన్నడిగారు. నేను గిన్నెలు సర్దుకుంటున్నాను. విసుగొచ్చి, “ఎవరూ ముట్టుకోకపోతే, నన్ను పట్టించుకోరేం అని అరవమనండి” అన్నాను. వేళాకోళానికన్నానండీ! మీరు చెంగున లేచి, నన్నెత్తుకున్నంత పని చేశారు. తర్వాతి మోడల్లో పెట్టేశారు కూడా! ఇందాక అరిచింది అదే కాబోలు. నా నోటికి అదుపుండదని మా అమ్మ ఊరికే అనేదా?

అదిగో, అదిగో. ఊరుకుందనుకున్నానా, మళ్ళీ! నొక్కానమ్మా, నిజంగానే ఆపదలచుకున్నాను.

ఇక ప్లాస్టరు సంగతి. రిపేరుకొచ్చిన ప్రతి మిషనుకీ శబ్దమొచ్చే రంధ్రాలమీద దూది, దానిమీద ప్లాస్టరు. ఏ ఆసుపత్రినుంచి వచ్చినా అంతే. సిస్టర్లందరూ కూడబలుక్కున్నట్టు నోరు కట్టేశారు దీనికి. మీరంతా మన ఇంట్లోనే మీటింగు పెట్టారు, గుర్తుందా? ఎందుకు అంటిస్తున్నారో ఒక్కరైనా అడుగుతారేమోనని కాఫీలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఒక్కరడిగితే ఒట్టు! “రంధ్రాలు వెనక్కి మారుద్దాం” అన్నాడొకడు. “నాలుగు పక్కలా పెడదాం, ఎన్నిటికని అంటిస్తారు?” అన్నాడు మీ తమ్ముడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు! మీరేమో బల్ల చరిచి “శభాష్!” అన్నారు. ప్లాస్టరుకి లొంగని కూత! దానికేగా ఆ బహుమతి? హాల్లో ఉన్న ఆ గాజు బొమ్మ? దానికి రోజూ దుమ్ము తుడిచేది నేనేగా!

ఇక్కడి సిస్టరు మంచిదండీ. మొదటిరోజు రాగానే అలవాటుకొద్దీ దూది, ప్లాస్టరు బయటికి తీసింది. మిషను చుట్టూ ఓ ప్రదక్షిణ చేసింది. నాలుగు పక్కలా రంధ్రాలు చూసి, “ఏ పుణ్యాత్ముడు చేశాడో దీన్ని!” అంది. పుణ్యాత్ముడు అన్న మాట ఎలా పలికిందో మీరూ విన్నారు. వెంటనే కళ్ళు మూసుకుని నిద్ర నటించారు. నేను చూళ్ళేదనుకున్నారా? మీరెవరో నేనూ చెప్పలేదు. ఎంతైనా మొగుడి పరువు కదా.

ఈ మోతకి మీకు నిద్ర లేదు. నిద్ర లేక బీపీ పెరుగుతోంది. బీపీ పెరిగిందని ఇది అరుస్తోంది. అది అరిస్తే మీరు ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడ్డారని ఇంకో కూత. డాక్టరుగారేమో మాత్ర రాసి, “ప్రశాంతంగా పడుకోండి” అని చెప్పి ప్రశాంతంగా వెళ్ళిపోయారు.

ఏంటి, తలుపు వైపు చూస్తున్నారు? మీ తమ్ముడేలెండి. పొద్దుట్నుంచీ బయట బెంచీమీద కూర్చున్నాడు. కొత్త మోడలుకి మీరొక్కసారి తలూపితే చాలట, రేపట్నుంచి తయారీ మొదలు. మొన్న మధ్యాహ్నం జరిగింది తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అబద్ధమెందుకాడాలి. కళ్ళు తుడుచుకుని ఏమన్నాడో తెలుసా? “వదినా, ఇలాంటిది ఇంకెవరికీ జరక్కూడదు. కొత్తదాంట్లో కూత రెట్టింపు చేస్తున్నాం. ఎంత మొద్దునిద్రలో ఉన్నవాళ్ళైనా లేచి కూర్చోవాలి!”

పిలుస్తాను, పిలుస్తాను. తొందరపడకండి. పిలిచేముందు ఒక్కమాట.

మొన్న మీ గొంతులో కఫం అడ్డుపడింది కదా. పిలవడానికి మీకు నోరు లేదాయె. మీ బదులు ఇదే అరిచింది. ఆ ఒక్కసారి నిజం అరిచింది. సిస్టరొచ్చింది, కానీ దీని కూత విని రాలేదు. మాత్రలివ్వడానికి వచ్చింది. వచ్చి చూసేసరికి మీ పెదాలు నల్లబడిపోయున్నాయి. అదంతా లాగి శుభ్రం చేసి, మీకు ఊపిరందాక నామీద కేకలెయ్యబోయింది. మీరే చెయ్యెత్తి ఆపారు. అరచెయ్యి చెంపకి ఆనించి చూపించారు, పాపం నిద్రపోయింది, ఏమనకండి అని. అప్పట్నుంచీ అందరికీ అదే చూపిస్తున్నారు.

నేను నిద్రపోలేదండీ.

మెలకువగానే ఉన్నాను. కూత విన్నాను. అన్ని కూతల్లాగే ఉందదీ. దీని గోల ఎప్పుడూ ఉండేదేగా అనుకున్నాను. అనుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాను. నా వెనకాలే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, మీకు ఊపిరాడ్డంలేదు.

అలా చెయ్యి నొక్కకండి. మీరు నొక్కుతుంటే నాకేడుపొస్తోంది. ఒక్కమాట తిడితే బావుండును, తిట్టించుకునే యోగం కూడా లేదు.

సరే, ముక్కు తుడుచుకోనీండి. ఏమయ్యా, రా లోపలికి, అన్నయ్య పిలుస్తున్నారు!

వదిన నిద్రలో ఉంది, కూత వినబడలేదనే అతని నమ్మకం. వినబడిందని మీరు నోరులేక చెప్పలేరు, నేను సిగ్గుతో చెప్పలేను. ఇంకేముంది, తలూపండి, రెట్టింపు చేసుకోనీండి.