ఆటపాక వెళ్ళే బస్సు

అబద్ధానికి కాళ్ళుండవు. వినేవాళ్ళే దాన్ని మోసుకు తిరుగుతారు. ఎలీయాజరు కోతల్ని మోయడానికి తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న జానీ టీకొట్టు దగ్గర మనుషులకి ఎప్పుడూ కొదవ లేదు. రైసుమిల్లుకి వెళ్ళేముందు కనకరాజు అక్కడే ఆగుతాడు. ఇడ్లీ గంప దించుకుని పాపాయమ్మ అక్కడే కూర్చుంటుంది. పొద్దున్నే ఒక కోత వింటే ఆ రోజు మొయ్యాల్సిన బరువు తేలికవుతుందని వాళ్ళ నమ్మకం. మంచి అలవాటు కాదు గాని, బరువులు మోసేవాళ్ళని తప్పుపట్టడం కూడా తేలిక కాదు.

ఆ రోజు ఎలీయాజరు వెంట మేనకోడలు పెర్సిస్ ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల. చేతిలో టిఫిన్ క్యారియర్. స్కూలువాళ్ళు పిల్లలందరినీ కొల్లేటి ఒడ్డున ఆటపాకకి తీసుకెళ్తున్నారు, గూడబాతు పక్షుల్ని చూపించడానికి. బస్సు ఆ దారినే వచ్చి ఆమెను ఎక్కించుకుంటుంది. ఆ వీధిలో ఆ స్కూలుకి వెళ్ళేది ఆమె ఒక్కతే. తల్లి సుగుణకి ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ. "బస్సెక్కించాకే కదులు తమ్ముడూ" అని పిల్లని అప్పగించి వెళ్ళింది.

వెళ్ళనని పెర్సిస్ వారం నుంచి చెబుతూనే ఉంది. ముందు కడుపునొప్పి అంది. తర్వాత బస్సు పడదంది. "కంపల్సరీ అన్నారు కదే, రాకపోతే మార్కులు వెయ్యరంట" అని తల్లిది ఒకటే మాట. అసలు సంగతి పెర్సిస్ ఎవరికీ చెప్పలేదు. ముందురోజు విజయకుమారి టీచరు, "బస్సులోనూ పడవలోనూ ఇద్దరిద్దరు కూర్చోవాలి. భోజనాలూ అంతే. జతలు మీరే చూసుకోండి" అన్నారు. అన్నదే తడవు, క్లాసులో ఒకరి చెయ్యి ఒకరికి దొరికింది. పెర్సిస్ వంగి చెప్పు బకిలు సర్దుకుంటున్నట్టు నటించింది. తలెత్తేసరికి పట్టుకోవడానికి ఒక్క చెయ్యి మిగల్లేదు. ముందు బెంచీ ఇందు తనని పిలుస్తుందేమోనని చూసింది. ఇందు అప్పటికే ఇంకెవరి చెవిలోనో ఏదో చెప్పి నవ్వుతోంది.

నీళ్ళంటే కాదు ఆ పిల్ల భయం. రోజంతా ఒంటరిగా ఉండాలి, ఉండటం అందరూ చూడాలి. అదీ భయం.

"ఏవండీ, పాప మొహం అలా వాడిపోయిందేంటండీ?" అన్నాడు జానీ, టీ వంచుతూ.

"భయమండి! టూరంటే ఊళ్ళో పిల్లలందరికీ సంబరం, మా పిల్లకి జ్వరం!" ఎలీయాజరు గట్టిగా నవ్వాడు. అందరూ పెర్సిస్ వైపు తిరిగారు. ఆమె క్యారియర్ మూత వైపు చూసింది. చెవులు కాలిపోతున్నాయి. పిల్ల భయాన్ని నలుగురిలో ఆరబెట్టకూడదని అతనికి తట్టలేదు. నోరు అదేపనిగా తెరిచి ఉంచేవాడికి కళ్ళు మూసుకుపోతాయి.

"మా రోజుల్లోనూ ఇలాగే కంపల్సరీ అండి," అని మొదలుపెట్టాడు. "బడి మొత్తాన్ని కొల్లేరు తీసుకెళ్ళారు. అప్పటికి నేను దీనికన్నా చిన్నోణ్ణి. తాటిదోనెలో ఎక్కించారు. నడిమధ్యకి వెళ్ళాక దోనె తోసే ఆయనకి చెయ్యి పట్టేసింది. మేష్టార్లు బిక్కమొహాలు వేశారు. నేను లేచి గడ అందుకున్నాను. ఏదో నాలుగు పోట్లు పొడిచానంతే, గొప్పకి చెప్పుకోవట్లేదు."

"అంతవరకూ బాగానే ఉందండి" అంది పాపాయమ్మ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? గుర్రపుడెక్క వచ్చి చుట్టేసుకుంది, దోనె ముందుకీ పోదు వెనక్కీ రాదు, పిల్లలు గొల్లుమన్నారు, నేను దోనె తాడు పళ్ళతో కరిచిపట్టుకుని నీళ్ళలోకి దూకానండి, దూకితే కాళ్ళకి నేల తగిలింది, పోన్లే అనుకున్నాను, ఇంతలో ఆ నేల కదిలింది! చూస్తే నేలేంటండీ, వాలుగ చేప! దాని కన్ను మన జానీ పాలగిన్నెంత!"

"ఆయ్! మరేం చేశారండి?" అన్నాడు కనకరాజు, నవ్వు బిగబట్టి.

"ఏం చేస్తానండీ, రెండు మీసాలూ పగ్గాల్లా పట్టుకుని ఎడ్లబండి తోలినట్టు తోలాను. దోనె దాని వెనకాలే వచ్చింది. మధ్యలో కాస్త మొరాయిస్తే, తోక మీద చిన్న దెబ్బ కూడా వేశాను."

నవ్వులు లేచాయి. పెర్సిస్ నవ్వలేదు. మామయ్య కోత కోసేటప్పుడు ఎవరి మొహంలోకీ చూడడని ఆమె ఎప్పుడో గమనించింది. చర్చి దగ్గరైనా పెళ్ళిళ్ళలోనైనా అంతే. చూపు జనం తలల మీదుగా రోడ్డు మీద ఉంటుంది. నవ్వులు తగ్గాయంటే చాలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడతాడు. అప్పుడు ఇంకొంచెం పెద్ద కోత అందుకుంటాడు.

ఇప్పుడూ అదే చేశాడు.

"ఒడ్డుకి చేరామా, అసలు కథ అప్పుడండి. పక్షులెక్కడా అని మేష్టారు అడిగారు. నేను ఒక్క ఈల వేశాను. కొల్లేట్లో ఉన్న పక్షన్నది మిగలకుండా పైకి లేచింది, సూర్యుడు కనపడితే ఒట్టు, ఏలూరులో దీపాలు పెట్టుకున్నారు, నల్లజర్లలో కోళ్ళు గూళ్ళకి చేరిపోయాయి, అత్తిలిలో ఎవరో ముసలాయన రాత్రయిందనుకుని అన్నం తిని పడుకున్నాడంట పాపం!"

"లేచాడా అండి మరి?" అంది పాపాయమ్మ.

"లేచి మళ్ళీ అన్నం అడిగితే వాళ్ళావిడ పెట్టలేదంటండి. అది అలా ఉంచండి. ఆ గూడబాతులు దోనె అంచులు ముక్కులతో కరిచిపట్టుకుని, మేష్టార్లతో సహా బడి మొత్తాన్ని ఎత్తుకుని, పొలాల మీదుగా తెచ్చి మన గూడెం స్టేషన్లో దింపాయి. మెయిలు అక్కడే ఆగిపోయింది. డ్రైవరు కిందకి దిగి నాకు దండం పెట్టాడు."

"టిక్కెట్లు అడగలేదాండీ?" అన్నాడు కనకరాజు.

"ఎవర్నండీ, గూడబాతుల్నా?"

జానీ కూడా చెయ్యి ఆపి నవ్వాడు. ఆ నవ్వుల మీద ఎలీయాజరు పొంగిపోయాడు. "పిల్లలంతా నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారండి, నన్ను ముట్టుకోడానికి కొట్టుకున్నారు! విన్నావా పెర్సీ? అలా ఉండాలి మనిషంటే. నువ్వేమో బస్సెక్కడానికి ఏడుస్తావు."

మళ్ళీ అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. అయినా పెర్సిస్ అడిగింది, మెల్లగా.

"మామయ్యా, దోనెలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

"దోనె నిండా పిల్లలేనే!"

"నిండా కాదు. నీ పక్కన. పేరేంటి?"

ఎలీయాజరు నోరు తెరిచాడు. ఏదో ఒక పేరు చెప్పేస్తే సరిపోయేది. జాకబ్ అనొచ్చు, జోసెఫ్ అనొచ్చు. అంత వాలుగని పుట్టించినవాడికి ఒక స్నేహితుణ్ణి పుట్టించడం ఎంత పని? కానీ పేరు రాలేదు. గ్లాసు అంచు వేలితో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"అన్నం ఎవరితో తిన్నావు?" అంది పెర్సిస్. ఎగతాళికి కాదు. ఆమెకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. అలాంటి రోజుని ఒక మనిషి ఎలా గడిపాడో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

రోడ్డు మీదకి పోవాల్సిన అతని చూపు ఈసారి కిందకి పోయింది. ఎవరూ నవ్వలేదు. కనకరాజు తువ్వాలు దులుపుకుని "మిల్లుకి టైమైందండి" అంటూ వెళ్ళిపోయాడు. పాపాయమ్మ గంప తలకెత్తుకుంది. జానీ గ్లాసులు కడగడానికి అటు తిరిగాడు. ఇంతసేపు కోతని మోసినవాళ్ళు దాన్ని అక్కడే దించేసి పోయారు.

బస్సు హారను వినిపించింది.

కిటికీల్లో తలలు రెండేసి చొప్పున కనిపిస్తున్నాయి. పెర్సిస్ కాళ్ళు కదల్లేదు. విజయకుమారి టీచరు తలుపు దగ్గర నిలబడి, "త్వరగా రామ్మా. వెనక ఖాళీ లేదు, ఇటు నా పక్కన కూర్చో" అన్నారు గట్టిగా. బస్సంతా విన్నది. ఎక్కడో వెనక ఎవరో నవ్వారు. తనని చూసే నవ్వారో, కాదో.

ఎక్కకపోవచ్చు. ఇప్పుడు వాంతి చేసుకున్నట్టు నటించినా సరిపోతుంది. కానీ తప్పని పని, భయం తీరేదాకా మన కోసం కాచుక్కూర్చోదు.

ఎలీయాజరు లేచి వచ్చాడు. ధైర్యంగా ఉండమని చెప్పలేదు, గూడబాతుల మాట ఎత్తలేదు. ఆమె చేతిలోని క్యారియర్ తీసుకుని, ఆమె రెండు మెట్లూ ఎక్కేదాకా పట్టుకుని, పైకి అందించాడు. అప్పుడు మేనకోడలి మొహంలోకి సూటిగా చూశాడు.

"సాయంత్రం నేనిక్కడే ఉంటానమ్మా" అన్నాడు.

ఇంకేమైనా కలుపుతాడేమోనని పెర్సిస్ ఆగింది. అతనేమీ కలపలేదు.

ఆమె వెళ్ళి టీచరు పక్కన కూర్చుంది. భయం ఇంకా అలాగే ఉంది. బస్సు కదిలింది.