ఎడమపక్క పువ్వు

తలుపు మూయొద్దండి స్వామీ! మధ్యాహ్నం పూజ అయిపోయిందని నాకూ తెలుసు. అమ్మ పడుకునే పొద్దని గూడా తెలుసు. బాగేపల్లి నుంచి ఇంతదూరం కారు ఎట్ల తోలుకోనొచ్చినానో నాకే తెలీదు. పది నిమిషాలు. ఒకే ఒక పువ్వు.

ఎందుకట్ల చూస్తారు? నేనే, చిక్కీ ఫ్యాక్టరీ వెంకటేశప్పనే. మూడు దినాలుగా గడ్డం గీసుకోలేదు, అంతే.

మూడు గంటలకు చిక్కబళ్ళాపురలో సభ ఉండాది స్వామీ. బెంగళూరు అమోఘ్ సార్ లేడూ, వ్యాపారం చేసేవాళ్ళకి క్లాసులు చెప్తాడే, ఆయన పెట్టించిన సభ. నూరు మంది యజమానులు వస్తారంట. వాళ్ళ ముందర నిలబడి నేను మాట్లాడల్ల. దేని గురించో తెలుసునా? కొత్తగా ఆలోచించేది ఎట్ల, నిర్ణయం తీసుకునేది ఎట్ల! నేను! నవ్వండి స్వామీ, నవ్వొస్తే నవ్వేయండి. 

నేనెప్పుడు నిర్ణయం తీసుకున్నాను? మీకు తెలీదా? పద్దెనిమిదేండ్లుగా ప్రతిదానికీ ఈ గడప తొక్కినాను గదా. షెడ్డు తీసుకునేదానికి పువ్వు అడిగినాము. అమ్మ విగ్రహం భుజాల మీద రెండు పక్కలా తడి పువ్వులు అంటించి మీరు గంట కొడతా ఉంటిరి, నేను కండ్లు మూసుకోని కూర్చోనుంటిని. కుడిపక్కది ముందు పడితే సరే, ఎడమపక్కది పడితే వద్దు. కుడిపక్కదే పడె. చింతామణి నుంచి శనక్కాయలు తేవల్లా అంటే అడిగినాము. నువ్వుల చిక్కీ మొదలుపెట్టల్లా అంటే అడిగినాము. కవరు ఎర్రగా ఉండల్లా, పచ్చగా ఉండల్లా అనేది గూడా పాపం ఆ తల్లినే అడిగితిమి.

అమోఘ్ సార్ ఒకసారి అడిగినాడు. ఇంత తొందరగా, ఇంత గట్టిగా నిర్ణయాలు ఎట్ల తీసుకుంటారు వెంకటేశప్పగారూ, అని. పువ్వు అడుగుతానని చెప్పేదానికి సిగ్గయింది స్వామీ. "లోపల్నుంచి ఒక మాట వస్తాది సార్" అంటిని. ఆయన దాన్ని రాసుకున్నాడు! ఈ పొద్దు సభలో నా ఫోటో కింద అదే మాట అచ్చేసినారంట.

మా ఫ్యాక్టరీకి గూడా వచ్చి క్లాసు చెప్పినాడు. ఆడోళ్ళనందర్నీ కూర్చోబెట్టి, రంగురంగు చీటీలు పంచి, మీకు తోచింది రాయండి, తప్పనేదే లేదు, అన్నాడు. ముప్ఫై మంది. ఒకరిది చూసి ఒకరు, అందరూ ఒకటే రాసినారు. "యజమాని ఎట్ల చెప్తే అట్ల." ఆయన తల పట్టుకోని కూర్చున్నాడు. నాకైతే లోపల సంతోషమే. నా మాటంటే ఎంత గౌరవం అనుకుంటిని, పిచ్చినాయాల్ని.

ఒక్క చీటీ మాత్రం ఖాళీగా వచ్చింది. మునివెంకటమ్మది. ఆమెకి రాసేది రాదు గదా. అందరూ పోయినాక తలుపు కాడ నిలబడి నోటితో చెప్పింది.

రోలర్ మిషన్ కాడ ఆరేండ్లుగా ఆమే పని చేస్తాండాది. వేడి బెల్లంపాకంలో శనగ్గింజలు కలిపిన ముద్దని రోలర్ కిందికి తోస్తే, అవతల పలక మాదిరి వస్తాది. ఆ మిషన్ ఆపే స్విచ్చి యాడుందో తెలుసునా? వెనకాల గోడకి. చెయ్యి ఇరుక్కుంటే ఇంకొకరు చుట్టుకోని పరిగెత్తల్ల.

"అప్పా, మిట్టేమరి ఊరికి పొయ్యే పాత బస్సులో కండక్టరు తాడు లాగితే గంట మోగతాది గదా. ఆయప్ప యాడ నిలబడినా ఆ తాడు చేతికి అందతాది. అట్ల మన రోలర్‌కి ఒక తాడు కట్టించప్పా. లాగితే మిషన్ ఆగిపోవల్ల" అనింది.

అంతే స్వామీ. ఇంతకన్నా కొత్త ఆలోచన ఏముంటాది? చదువు రాని మనిషి, బస్సులో నిలబడి నిలబడి కనిపెట్టింది. ఈ పొద్దు సభలో మాట్లాడల్లంటే ఆమె మాట్లాడల్ల.

కరెంటు పని చేసేవాణ్ణి అడిగితే, అయ్యే పనే అన్నా, నాలుగు దినాలు మిషన్ నిలపల్ల అనె. నాలుగు దినాలు! అప్పుడే బెంగళూరు పెద్ద అంగళ్ళ నుంచి మొదటి ఆర్డరు వచ్చిండె. నిలిపితే ఆర్డరు చెయ్యి జారిపోతాదని భయం. వద్దందామంటే ఆమె ముఖం చూసేదానికి సిగ్గు. ఏమంటిని? "అమ్మని అడుగుదాంలే మునివెంకటమ్మా" అంటిని.

ఆమె గూడా వచ్చె గదా ఆ పొద్దు. అదో, ఆ రాతికంబం కాడ రెండు చేతులూ జోడించుకోని నిలబడింది. ఎడమపక్క పువ్వు పడె. ఆమె చెంపలేసుకోని, "అమ్మకి ఇష్టం లేదు, పోనీలే అప్పా" అనింది. మళ్ళా ఆ మాట ఎత్తలేదు.

సోమవారం ఆమె చెయ్యి రోలర్ కింద పోయింది స్వామీ. కుడిచెయ్యి, మణికట్టు దాకా. పరిగెత్తి స్విచ్చి ఆపింది నేనే. ఎంత దూరం? పదడుగులు. ఆ పదడుగులూ ఆమె అరస్తానే ఉండె. ఇప్పుడు గూడా నా చెవుల్లో అరస్తానే ఉండాది.

నిన్న ఆసుపత్రికి పోయినాను. తిడతాదేమో, చెప్పు తీసుకోని కొడతాదేమో అనుకుంటి. కొట్టింటే ఎంత బాగుండు! ఏమనిందో తెలుసునా? "నువ్వేం చేస్తావప్పా, అమ్మే వద్దనె గదా. నా రాత అట్లుండాది" అని నన్ను సముదాయించింది స్వామీ! మిగిలిన చేత్తో నా చెయ్యి పట్టుకోని, నన్ను! రేపు కార్మిక శాఖ అధికారి విచారణకి వస్తాడు. ఆయనకి గూడా అట్లే చెప్తాదంట. చెయ్యి నేనే పెట్టినాను, యజమానిది ఏం తప్పు లేదు, అని.

మీరు యాల తల దించుకుంటారు? నన్ను చూడండి. లేదు లేదు, లేచి పోవద్దండి, కూర్చోండి.

మనిద్దరికే తెలుసు గదా. పువ్వు అడిగేదానికి ముందు దినం సాయంత్రం నేనొక్కణ్ణే వచ్చింటి. "ఈసారి ఎడమపక్కది పడితే నాకు సులువు స్వామీ" అంటి. మీరు తల దించుకోని, ఇప్పుడు కూర్చున్నట్లే కూర్చోనుంటిరి. మర్నాడు కుడిపక్క పువ్వుని నీళ్ళలో బాగా ముంచి, రాలకుండా అదిమిపెట్టినారు. ఎడమపక్కది ఊరికే అట్ల ఆనించినారు. ఆ ఒక్క దినం నేను కండ్లు మూసుకోలేదు స్వామీ. చూస్తానే ఉంటి.

పద్దెనిమిదేండ్లలో నా అంతట నేను తీసుకున్న నిర్ణయం అదొక్కటే. దాన్ని గూడా తీసుకుపోయి అమ్మ నెత్తిన పెట్టేసినాను.

ఏమన్నారు? మీరు ఇంతకు ముందు ఇరవై మందికి అడిగినట్లే పువ్వు రాల్చినారు, ఎవరికీ ఏమీ కాలేదంటారా? ఇప్పుడది నాకెందుకు స్వామీ!

సభకి పొయ్యే దావలోనే ఆసుపత్రి. నేను కారు ఆపి, లోపలికి పోయి, ఆమె మంచం కాడ నిలబడి, అమ్మ వద్దనలేదు మునివెంకటమ్మా, నేనే వద్దంటిని, అని చెప్పల్ల. అంతే పని. చెప్తే ఫ్యాక్టరీ పోతాది. నన్ను లోపలేస్తారేమో. మీకు గూడా ఈ గుడి ఉండదు. చెప్పకపోతే? ఆమె బతికినన్నాళ్ళూ ఇక్కడికొచ్చి, తప్పు చేసినదాని మాదిరి, ఆ కంబం కాడ నిలబడి ఒంటి చేత్తో మొక్కతా ఉంటాది. మీరు హారతి ఇస్తారు. నేను పక్కన నిలబడి కండ్లకద్దుకుంటాను.

నాకు చేత కావడం లేదు స్వామీ. మూడు దినాలుగా ఆలోచించినాను. ఆలోచించేది నాకు రాదు. ఎవురూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

అడుగుదాము. కడాసారి. పోయి ఆమెకి నిజం చెప్పల్లా, వద్దా? కుడిపక్కది పడితే చెప్పేది, ఎడమపక్కది పడితే లేదు. అమ్మే చెప్పనీ. ఇదో, సేవంతిపూలు నేనే తెచ్చినాను. చెంబులో నీళ్ళున్నాయి చూడండి.  నేను పట్టుకుంటాను చెంబు. అంటించండి.

ఒక్క మాట స్వామీ.

కుడిపక్కది కొంచెం బాగా తడపండి.