బాల్వాడి మీది తీగలు

1984. ధర్మసాగర్ దిక్కు ఒక ఊళ్లె, కొత్తగ గుంజిన హైటెన్షన్ తీగల కింద రేకుల బాల్వాడి ఉంది. పొద్దుగూకినంక దాని ముందట పంతులమ్మ, కరెంటు ఇంజనీరు నిలబడ్డరు.

“ఇగో సారూ, మాడిపోయిన ట్యూబులైటు. వైరు లేదు, స్విచ్చి లేదు. నా చేతుల ఎట్ల వెలుగుతాందో చూడుండ్రి.”

“పెద్ద లైను కింద అట్లనే వెలుగుతది పంతులమ్మా. దానితోని మనిషికి రోగమొస్తదని కాదు.”

“రేకు ముట్టుకుంటే చీమలు పాకినట్టయితాందని పిల్లలు అంటాండ్రు.”

“ఎర్తింగ్ కొట్టిస్త. రేపటికల్ల ఆ జిల్లుమనుడు పోతది. ఫికరెందుకు?”

“జిల్లుమనుడు పోతది సరే. ముప్పై మంది పిల్లలు రోజూ పగటిపూట ఈ తీగల కిందనే పంటరు. ఏండ్లు గడిస్తే వాళ్లకు ఏమన్న అయితదా, కాదా?”

“నిజం చెప్పాల్నంటే... నాకు తెల్వదు. ఇంకా ఎవరూ తేల్చలే.”

“బడి పక్కన సర్పంచ్ జాగ ఇస్తాండు. బాల్వాడి మార్చాల్నంటే కరెంటోళ్ల కాయితం తెమ్మని మా ఆఫీసరంటాండు.”

“ప్రమాదమున్నదని నేనెట్ల రాస్త? నా నౌకరి పోతది.”

“ప్రమాదమని రాయొద్దు సారూ. ఇప్పుడు మీరన్నరు గద, ‘తెల్వదు’ అని. అదే రాసి దస్కతు చెయ్యుండ్రి. తెల్వని దాని కింద పిల్లలను పండబెట్టమని ఏ ఆఫీసరంటడో నేను చూస్త.”