చంటి ఆపని బటన్

ఎల్బీనగర్‌లో నాన్న స్కూటీ బాగయ్యేదాకా నేను మెకానిక్ షెడ్డులో బెంచీ మీద కూర్చున్నాను. ముందుభాగం నలిగిపోయిన ఎర్ర స్పోర్ట్స్ కారు దగ్గర మెకానిక్, ఆ కారు యజమాని మాట్లాడుకుంటున్నారు.

"మీ పాత స్పోర్ట్స్ కారే మంచిగుండె సార్. పవర్ స్టీరింగ్ గూడ లేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికి భుజాలు గుంజుతుండె. గని జర తప్పు జేస్తే చేతికి ఎర్కయ్యేది."

"నేనూ మా బామ్మర్ది చంటితో అదే అన్నాను. దాన్ని నడిపినవాడే డ్రైవరు, దీన్ని కంప్యూటరే నడుపుతుందిలే అని ఏడిపించాను."

"గందుకే స్పీడ్ కొట్టిండా?"

"లేదన్నా. చంటి మామూలుగానే నడిపాడు."

"మరి వానల చక్రాలు జారకుండ పట్టే సిస్టం ఉంటది గద. చెక్ చేసిన, అది బంద్ జేసి ఉంది. ఎందుకు బంద్ జేసిండో."

"చంటి కాదు. నేనే ఆపేశాను."

"మీరు గూడ కార్ల ఉన్నరా?"

"పక్క సీట్లో ఉన్నాను. బటన్ నొక్కి, ఇప్పుడు నడుపు చూద్దాం అన్నాను. ఆ వానలో మలుపు దగ్గర కారు జారి డివైడర్‌కి గుద్దుకుంది. వాడి కాలు విరిగింది, నాకు గీత కూడా పడలేదు."

"ఇంట్ల చెప్పిన్రా?"

"చంటే చెప్పాడు, తప్పంతా నాదే అక్కా అని. మా ఆవిడ రోజూ వాణ్ణి తిడుతోంది. మీ బావ ప్రాణం తీసేవాడివి కదరా అంటోంది. అలా అంటూనే నాకు కాఫీ తెచ్చిస్తోంది."

"మీరేం జేస్తున్నరు సార్?"

"ఆ కాఫీ తాగుతున్నాను."