డిక్కీల తప్పిపోయిన మేక

కార్లు కొనుడు నాకు కొత్తగాదు. నా పేరు మీద ఒక్క కారు గూడ లేదు, అది వేరే ముచ్చట.

ఈడ గల్ఫ్‌ల, అమెరాత్ అనే ఊర్ల మా అర్బాబు, అంటె మా సేటు, అబ్దుల్ వహాబ్ ఇంట్ల వంటకు కుదిరి తొమ్మిదేండ్లాయె. జుమ్మా నాడు నమాజ్ అయినంక నాకు రెండు గంటలు సుట్టి. ఆ రెండు గంటలు గల్లి మలుపుకాడి చాయ్ హోటల్ ముంగట కూసుంట. మొన్న జుమ్మా గట్లనే కూసున్న. పక్కపొంటి లింబాద్రి, మెట్‌పల్లి దిక్కు మేస్త్రి. ఎదురుంగ జెన్నిఫర్, దవాఖాన్ల నర్సు, భీమవరం దిక్కామె. తల్లి జ్ఞానాంబను వీల్‌చైర్ల తోసుకచ్చింది. ఆ తల్లికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మడతవెట్టే కుర్చీయే గని, దాన్ని జూస్తెనే ట్యాక్సీలోళ్లు ఆపకుంట పోతున్నరు. నాలుగు నెలల సంది ఆమె చర్చి మొకం జూడలే. ఈడ చర్చి గూడ జుమ్మా నాడేనాయె, ఆ రోజు వచ్చుడు, ఈమె ఇంట్ల కూసుండుడు.

అందుకే సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నరు. రెండు జూసిండ్రు. ఒకటి ఎత్తు పెద్ద బండి. ఇంకోటి కిందికి, చిన్నగున్న బండి. పెద్దది కమ్రాన్ అనే పాకిస్తానోడిది, హోటల్ ముంగటనే నిలవెట్టి తాళంచెయ్యి వేలికి తిప్పుతున్నడు. మూడు గంటల అసర్ నమాజ్‌కు అజా ఇచ్చే లోపట చెప్పమన్నడట, లేకుంటే వేరేటోళ్లకు ఇచ్చేస్తడట.

"కమలమ్మ గారూ, మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్చీయే కదండీ. ఏది తీసుకోమంటారు?" అని అడిగింది జెన్నిఫర్.

నన్ను అడిగినంక ఊకుంటనా? మా ఆయన బతికున్నన్ని దినాలు ఇంట్ల కోతలన్ని ఆయనే కోసేటోడు. ఆయన పోయినంక ఆ డ్యూటీ గూడ నా మీదనే పడ్డది.

"పెద్దదే తీస్కో బిడ్డా. రెండో మాట లేదు. మా అర్బాబు తల్లికి బండి కొన్నదే నేను."

"నువ్వా?" అన్నడు లింబాద్రి.

"మరి నువ్వా? ఇను. అర్బాబు నన్ను ఎంబడి వెట్టుకొని షోరూముకు పోయిండు. ఆ ముసలామె కుర్చీ తోసేదాన్ని నేనేనాయె, దాని నాడి నాకే తెలుసు. కాళ్లు వెట్టుకునే రేకులు పీకాలె, సీటు గుడ్డను నడుమ వట్టి మీదికి గుంజాలె, టప్పున మూసుకుంటది. నేను ఒక్క చేత్తోని మూసిన. సేల్స్‌మన్ నోరు తెరిచిండు. మొదటి బండ్ల కుర్చీ పట్టలే. రెండో దాంట్ల పట్టింది గని డిక్కీ మూత పడలే. గట్ల ఆరు బండ్లు వద్దన్న."

"అరబ్బీల అన్నవా?"

"వద్దనెతందుకు మాఫీ అన్న ఒక్క మాట సాలు. షోరూముల ఇంకేం మాటతోని పని? ఏడో బండి తెచ్చిండు. డిక్కీ మూత లేపితే, అమ్మో, లోపటికెల్లి సల్లగాలి కొట్టింది. 'ఓ కమలా' అని ఒర్రిన. ఏం లేదు. జరసేపటికి 'ఓ' అని ఇనవడ్డది. వాళ్లిచ్చిన కావా కాఫీ తాగి, ఖర్జూరపండ్లు తిని, చెయ్యి కడుక్కున్నంక 'కమలా' అని ఇనవడ్డది."

జెన్నిఫర్ గ్లాసు నోటికాడనే ఆగింది. "అంత లోతాండీ?"

"కుర్చీ వెట్టిన. ఏనుగు నోట్లె పల్లిగింజ. అయినా నేను ఊకనే నమ్ముతనా? మనం గల్ఫోళ్లం. ఏ జాగ అయినా ఊరికి కొంటవోయే కార్టన్‌తోని కొలుస్తం గద."

"అది నిజం," అన్నడు లింబాద్రి. "నేను మంచం కొన్ననాడు గూడ, పంటే ఎట్లున్నదో జూడలే. కింద రెండు కార్టన్లు పడుతయా అని జూసిన."

"అగో! నేను ఏం జేసిన, రుసైల్ లేబర్ క్యాంపుల ఉండే మన నర్సింగ్‌కు ఫోన్ కొట్టిన. ఆ వారం ఊరికి పోయేటోళ్లు పన్నెండు మంది, తాళ్లు బిగిచ్చిన కార్టన్లు వట్టుకొని షోరూముకు వచ్చిండ్రు. వెట్టినం. మూలకు గూడ సరిపోలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ముచ్చట ఇని క్యాంపు క్యాంపంత కదిలింది. నూరు కార్టన్లు. రెండు నూర్లు. రగ్గులు, టీవీలు, పాలపొడి డబ్బలు, సబ్బులు. వెట్టొస్తమని లోపటికి పోయినోళ్లు బయటికి వచ్చేసరికి గడ్డాలు పెరిగినయ్."

"గడ్డాలా!" అన్నది జెన్నిఫర్.

"నర్సింగ్‌ను అడుగు. మంగలి దుకాణానికి నేనే తోలిచ్చిన. ఇగ అర్బాబు మస్తు ఖుషీ అయి, కొత్త బండికి కోసెతందుకు ఒక మేకను తెచ్చిండు. మేక మన లింబాద్రి లెక్క గాదు, తెలివైంది. కత్తిని జూసింది, తెరిచివెట్టిన డిక్కీని జూసింది. ఒక్క దునుకు. పోయింది. మే అని గూడ అనకుంట పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సువైక్ నుంచి ఒక మేకలకాపరిని పిలిపిచ్చినం. టార్చిలైటు, నీళ్ల క్యాను, రొట్టెలు కట్టిచ్చి లోపటికి తోలినం. ఒకరోజు లేదు. రెండ్రోజులు లేదు. మూడోనాడు వచ్చిండు. ఆయనెన్క మేక, మేకెన్క రెండు పిల్లలు."

"మూడు రోజులల్లనే ఈనిందా?"

"లోపట దినాలు వేరేతీరు తిరుగుతయ్."

"ఫోన్ చెయ్యకపోయినవా ఆయనకు?"

"చేసిన. రోమింగ్ పడ్డది."

లింబాద్రి తొడ మీద చరుసుకున్నడు. పక్క బల్లలోళ్లు గూడ కుర్చీలు జరుపుకున్నరు. కమ్రాన్‌కు తెలుగు ముక్క రాదు గని, అందరు తన బండి దిక్కే కండ్లప్పగిచ్చి జూసుడు జూసి, పోయి డిక్కీ తెరిచి, జేబుల రుమాలు తీసి లోపట తుడుసుడు మొదలువెట్టిండు.

"కాపరి ఏం జెప్పిండంటే, లోపటికి పోంగ పోంగ ఒక వాగు అడ్డమొచ్చిందట. ఒడ్డు పొంటి ఖర్జూరచెట్లట, గెలలు నేలకు తాకుతున్నయట. సీటు ఎన్కపక్క మాత్రం ఎక్కడ కనవడలేదట. అది బల్దియోళ్ల చెవుల పడ్డది. గింత జాగకు వీధి లైట్లు లేకపోతే ఎట్లని మనుషులు వచ్చి స్తంభాలు పాతుకుంట పోయిండ్రు. సగం దూరంల తీగ అయిపోయింది."

"దేవా," అన్నది జెన్నిఫర్. నమ్మిందో లేదో గని డిక్కీ దిక్కు నుంచి కన్ను తిప్పలే. "మరి కుర్చీ సంగతేంటండీ?"

"కుర్చీకేంది, రాజ్యమేలుతున్నది. దాన్ని ఒక మూలకు వెట్టినం. కావాల్నంటే పొద్దుగాల బస్సెక్కి పోతె మాపటికి తెచ్చుకుంటం."

అందరు ఆ డిక్కీలకే జూస్తున్నరు. నిజం జెప్తున్న, నాకు గూడ లోపట వాగు చప్పుడు ఇనవడ్డట్టయింది.

కమ్రాన్ తాళంచెయ్యి ముంగటికి చాపిండు. "బాజీ, ఫైనల్ బోలో."

"అమ్మా, ఇదే తీసేసుకుందామా?" అని జెన్నిఫర్ చెయ్యి చాపింది.

అప్పటిదాక జ్ఞానాంబ నోరు ఇప్పలే. బాగున్న చేత్తోని చాయ్ గ్లాసును మెల్లగ బల్ల మీద వెట్టింది.

"ఏమ్మా కమలా. కుర్చీ ఎక్కింది. మేక ఎక్కింది. వీధి దీపాలు కూడా ఎక్కినయ్యి. మీ అర్బాబు తల్లి ఎట్టా ఎక్కింది?"

"ఎవరు?" అన్న.

"ఎవరి కోసం కొన్నారో ఆవిడ."

"ఆమెనా? ఆమెకేంది, ఒక్క దునుకు..."

"దూకే మనిషికి కుర్చీ ఎందుకే?"

లింబాద్రి నవ్వుతడేమో అనుకున్న. నవ్వలే.

"జెన్నీ, నన్ను ఆ కారు తలుపు దగ్గరికి తొయ్యి," అన్నది జ్ఞానాంబ.

తోసింది. కమ్రాన్ ఉరికొచ్చి ముంగటి తలుపు తీసిండు. సీటు ఆ ముసలామె గదువకాడికి వచ్చింది. అటుక మీది డబ్బను అందుకున్నట్టు చెయ్యి మీదికి లేపి సీటు మీద వెట్టింది.

"నేనిక్కడ, అదక్కడ. మజ్జెలో ఎవరు మోస్తారు?"

జెన్నిఫర్ నడుం మీద చెయ్యి వేసుకొని నిలవడ్డది. ఆమె నడుం నొప్పి అందరికి తెలిసిందే. "ఆసుపత్రిలో రోజూ మంచం దించి, కుర్చీకి సమానం చేసి కదమ్మా పేషెంట్లని జరిపేది. నాకెందుకు తట్టలేదు? పొద్దున టేపు పెట్టి మరీ డిక్కీ కొలిచాను."

"డిక్కీలో నేనా కూర్చునేది?"

అందరు నా దిక్కు తిరిగిండ్రు. "నిజం జెప్పు కమలవ్వా," అన్నడు లింబాద్రి. "బండి నువ్వే కొనిపిచ్చినవా?"

"నేనే కొనిపిచ్చిన. అది నిజమే."

మస్జిద్‌ల అసర్ అజా మొదలైంది. ఇగ దాసుకొని ఏం జేస్త? జెప్పిన.

"బండి వచ్చిననాడు అర్బాబు తల్లి తలుపు దాక వచ్చి జూసింది. కొడుకులు ఎత్తి కూసోవెడ్తమన్నరు. గల్లి జనం ముంగట నన్ను సంచి లెక్క ఎత్తుడేంది అన్నది. లోపటికి మర్రింది. ఏడాదాయె. ఇంట్ల తిరిగెతందుకు వేరే కుర్చీ ఉన్నది. ఈ మడత కుర్చీ ఆ డిక్కీల నుంచి దిగనే లేదు. సూర్ ఊరికి పోయొచ్చింది. సలాలా పోయి వానల తిరిగొచ్చింది. ఆమె గేటు దాటలే. బండి మంచిగ తెచ్చినవ్ కమలా అని అందరు నన్ను మెచ్చుకుంటరు. ఆమె ఒక్కతే ఏమనదు."

జ్ఞానాంబ నన్ను తిట్టలే. బిడ్డ దిక్కు తిరిగింది. "ఆ కిందికున్న కారతనికి ఫోన్ చెయ్యి. వచ్చే శుక్రవారం నేను చర్చిలో ఉండాలి."

జెన్నిఫర్ కమ్రాన్‌కు "నహీ భాయ్" అని చెప్పి ఫోన్ తీసింది. తీసినంక గూడ మనసొప్పలే. "దాని డిక్కీ చిన్నదమ్మా. కుర్చీ పట్టదు."

"పట్టకపోతే వెనక సీట్లో పడుకోబెట్టు. దానికేం, ఎక్కడైనా సర్దుకుంటది."