నీరటి మాట

ఇబ్రహీంపట్నంలో ఒక సర్కారు ఆఫీసు వరండా, మధ్యాహ్నం అన్నాల వేళ. నలభై ఏళ్లుగా ఊరి చెరువు తూము తీసి మూసే నీరటి నాగయ్య మంచాల నుంచి వచ్చే బస్సు దిగి నేరుగా వచ్చాడు. ఎదురుగా టిఫిన్ డబ్బా మూత పట్టుకుని అతని తమ్ముడి బిడ్డ స్టెల్లా, అక్కడే సర్వేయరు. నాగయ్య తెచ్చిన కోపమంతా సర్కారు మీదే.

“గవి హద్దురాళ్లా, బిడ్డా? గవి హద్దురాళ్లేనా?”

“మెల్లగ, పెద్దనాయిన. లోపల సారున్నడు.”

“ఉండనీ. తుమ్మచెట్ల అవుతల పాతమంటె నడి చెరువుల పాతిర్రు. నిరుడు చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు గా తుమ్మలు మోకాటి లోతు మునగలేదా?”

“మునిగినయ్.”

“మరి?”

“అన్నం తిన్నవా? జర కూసో.”

“కూసుంటానికి రాలె. నువ్వే గదా చెప్పినవ్? కొత్త జీవో వచ్చింది, గుట్ట తవ్వాలన్నా ప్లాట్లు కొట్టాలన్నా ముందుగాల చెరువు హద్దు తేలాలె, గనులోళ్లు, రెవెన్యూవోళ్లు, పొల్యూషనోళ్లు అందరు ఒక్క తాన కూసోవాలె అని?”

“చెప్పిన.”

“హద్దుకు నీరటి మాటే ఖాయమన్నవ్.”

“జీవోల గట్లనే ఉన్నది.”

“గందుకే రెండు దినాలు నిన్ను ఎంబడి వెట్టుకొని తిప్పిన. ఉత్తకాళ్లతోటి. నీళ్లు తాగిన మట్టి కాలికి ఎరుకైతది, చెప్పులేసుకుంటె తెల్వదు. ఎరుకైన కాడల్లా కట్టె పాతినం. ఎన్ని?”

“డెబ్బై రెండు.”

“ఒక్కటన్న తప్పున్నదా?”

“లేదు.”

“ఇగ గా లోపలున్న పరమేశ్వర్ సారే రాళ్లు జరిపిచ్చిండు. ప్లాట్ల వెంచరోళ్ల కారుల తిరుగుతడంట గదా!”

“సారును అనకు.”

“ఎందుకనొద్దు? ఆదిభట్లకు కంపెనీలొచ్చిన సంది అందరి కండ్లు మన చెరువు మీదనే. గా రాళ్ల అవుతల మట్టి పోస్తె సగం చెరువు పోతది. కింద పొలాలకు నేనేం ఇడవాలె?”

“నువ్వు ఇంటికి పో. ఐతారం నేనొస్త.”

“పోను. రేపు పెద్దసార్ల మీటింగున్నదంట. నిలవడి చెప్త. నేను నీరటిని, నా మాట ఇనుర్రి అంట.”

“పోకు, పెద్దనాయిన.”

“ఏం జేస్తరు నన్ను?”

“ఏం చెయ్యరు. నీ మాట... వాళ్ల తాన ఉన్నది.”

“అవ్, ఉన్నది! చర్చి కాడ నాతోటి ఏలిముద్ర ఏపిచ్చుకుంటివి గదా. కట్టెలు పాతిన జాగలన్నీ అండ్లనే ఉన్నయంటివి. గా కాయితం తియ్యి, సారు ముంగట పెడ్దాం.”

“ముందుగాల రెండు ముద్దలు తిను, పెద్దనాయిన.”

“తియ్యి బిడ్డా. ఏంది, గట్ల చూస్తున్నవ్?”

“నాది కాంట్రాక్టు నౌకరి. మార్చిల తీసేస్తమన్నరు. సారు చెప్పినట్టు ఇనకపోతె...”

“గది నేనడిగిన్నా? కాయితం తియ్యి.”

“ఆనాడే ఎవలతోనన్న సదివిచ్చుకుంటె అయిపోతుండె.”

“ఊళ్లె ఎవలు కాయితం తెచ్చినా నీతోటే సదివిచ్చుకుంట. నువ్వే తెస్తె ఎవలతోటి సదివిచ్చుకోవాలె?”

“ఇగో, దాని నకలు.”

“ఇప్పుడు సదువు.”

“వద్దు పెద్దనాయిన.”

“సదువు.”

“‘నీరటి నాగయ్య అను నేను... నా ఇష్టపూర్వకంగా చెప్పునది ఏమనగా... ఈ చెరువు నీళ్లు ఎంతవరకు వస్తాయో... నాకు తెలియదు.’”