మూసీకి ఎదురీదిన బూటు

గౌలిపురలో ఆండాలమ్మ చాయ్ బండి ముందున్న బల్ల మీద ఆ సాయంత్రం ఒక జత బూట్లు కూర్చున్నాయి. రామ్‌చందర్ పక్కన నిలబడ్డాడు. తెల్లారితే అతను నాంపల్లిలో రైలెక్కాలి. ఫ్యాక్టరీ యూనియన్ కుర్రాళ్లు పదిమంది హిమాలయాలకు పోతున్నారు. తొమ్మిదిమందికి బూట్లున్నాయి, పదోవాడు ఇతను. కొనే దారి లేక, బూట్లు కుట్టే ఎల్లప్పను ఒక జత ఒక నెలకు అరువడిగాడు. ఎల్లప్ప ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. పాతగుడ్డలో చుట్టి తెచ్చి, బల్ల మీద పెట్టి, చాయ్ చెప్పి, కథ అందుకున్నాడు.

"ఇవి ఎవరుపడితె వాళ్లు తొడిగేటివి కావు తమ్మీ. అరవై తొమ్మిదిల సికింద్రాబాద్ దొర ఒకాయన కొండలెక్కనీకి కావాలంటె పదకొండు దినాలు కూసొని కుట్టిన. మైనం రాసిన దారం, రెండు వరుసల కుట్టు, అడుగున ఇనుప మొలలు. ఎవని కాలు వానిదే గద, వేలు ఎటన్న పక్కకు పొడిస్తె, కాలు లెక్కుండె కట్టె అచ్చుకు ఆడ తోలుముక్క అంటిస్త. బూటు గా వేలికి జాగ ఇడుస్తది."

రామ్‌చందర్ తలూపాడు. ఇక్కడిదాకా నమ్మొచ్చు.

"ఈ పని నాకెవరు నేర్పిండ్రో ఎరుకేనా? మా తాత. తాతకెవరు నేర్పిండ్రు? బూటే నేర్పింది! మూసీ వరదొచ్చిన నాడు తాత నయాపూల్ మీద నిలబడ్డడు. తలుపులు, దూలాలు, బర్లు, అన్నీ కిందికి కొట్టుకపోతున్నయ్. ఒక్క తెల్లదొర బూటు మాత్రం నీళ్లకు ఎదురుంగ ఈదుకుంట పైకొస్తున్నది!"

పాలక్యాన్ మీద కూర్చున్న గుండయ్య గ్లాసు దించాడు. "బర్రెలే కొట్టుకపోంగ బూటు ఈదిందానే?"

"బర్రెకు మొలలుంటయా?" అన్నాడు ఎల్లప్ప. "తాత ధోతి ఇసిరి పట్టిండు. ఇంటికి తెచ్చి కుట్టుకు కుట్టు ఇప్పిండు. లేసు కింది నాలుక ఏడ కుట్టాలె, నీళ్లు లోపటికి రాకుండ మడత ఏడెయ్యాలె, అన్నీ అండ్లనే చూసి నేర్చిండు. గప్పటిసంది కొండబూటంటె మా ఇంటిదే."

"సరేనే అన్నా, బూట్లిస్తవా మరి?" అన్నాడు రామ్‌చందర్.

"ఆగు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బూట్లు తొడిగి సికింద్రాబాద్ దొర కొండెక్కుతుంటె జారిండు. మనిషి తలకిందులు. బూట్లు ఆగినయా? ఆగలె! దొరను మూటలెక్క ఏలాడేసుకొని కొనకెక్కినయ్. ఆడ ఒక్క తన్ను తన్నితె మంచు కరిగి, గా నీళ్లొచ్చి మన మూసీల పడ్డయ్."

"మూసీ అనంతగిరిల పుడ్తది గద!" అన్నాడు గుండయ్య.

"ఆ ఏడు హిమాలయాల పుట్టింది!"

రామ్‌చందర్‌కు ఓపిక తెగింది. "కొండ మీద ఎవని పేరు రాసిండ్రన్నా? దొరదే గద! కుట్టినోని పేరెవడు రాస్తడు? శ్రమ ఒకనిది, శిఖరం ఇంకొకనిది!"

"అబ్బో, కరపత్రం మొదలైంది. చాయ్ తాగు భాయ్" అని గుండయ్య నవ్వాడు. ఎల్లప్ప నవ్వలేదు. ఒక్క క్షణం బూట్ల వంక చూసి, మళ్లీ గొంతు పెంచాడు.

"దొర మంచాన పడ్డడు. బూట్లు మాత్రం రైలెక్కి నాంపల్లిల దిగినయ్. నయాపూల్ మీద నడిచొస్తుంటె పోలీసాయన బస్సులన్నీ ఆపి సలాం కొట్టిండు. నా పెండ్లాం రాజమణి వాకిట్ల ముగ్గేస్తుంటె, ముగ్గు తొక్కకుండ పక్కకు ఆగినయ్!"

ఇంతలో రామ్‌చందర్ పట్టలేక ఎడమ బూటు తొడిగేశాడు. పాదానికి సరిపోయింది. చిటికెన వేలి పక్కన మాత్రం ఇంకో వేలు పట్టేంత ఖాళీ ఉంది.

"ఈడ కొంచెం దూది పెట్టుకుంట" అన్నాడు.

గ్లాసులు తీయడానికొచ్చిన ఆండాలమ్మ రెండో బూటును తిప్పి చూసింది. "గింత తిరిగినా మొలలు కొత్తగనే మెరుస్తున్నయేందన్నా?"

"మంచు మీద మొలలు అరగవమ్మా, పాలిష్ పడ్తయ్."

ఆమె వంగి బల్ల కిందికి చూసింది. హవాయి చెప్పులో ఎల్లప్ప ఎడమ కాలు. ఎప్పుడో సుత్తె పడి వంకరైన చిటికెన వేలు చెప్పు దాటి పక్కకు పొడుచుకొచ్చి ఉంది.

"దొర వేలి మీద గూడ సుత్తె పడ్డదా అన్నా?"

గుండయ్య నవ్వబోయి ఆగిపోయాడు. ఎల్లప్ప కాలు వెనక్కి లాక్కున్నాడు. ఖాళీ గ్లాసునే మళ్లీ నోటికి పెట్టుకున్నాడు.

"దొర బూట్లు దొర తీస్కపోయిండు" అన్నాడు. "పోతపోత మంచుకొండ ఫోటో చూపిచ్చిండు. ఆ వారమే నాకు ఒక జత కుట్టుకున్న, గివే. అయిదేండ్లాయె. మౌలాలి గుట్ట దాటి నేనెన్నడు పోయిన?"

రామ్‌చందర్ వంగి లేసు విప్పబోయాడు. ఎల్లప్ప అతని చేతిని పక్కకు తోసి, నేల మీద గొంతుక్కూర్చుని, లేసును తనే బిగించి రెండు ముళ్లు వేశాడు.

"తీస్కపో తమ్మీ. దూది మాత్రం పెట్టకు." చిటికెన వేలి పక్క తోలును బొటనవేలితో ఒకసారి నొక్కాడు. "గా జాగ నాది. ఖాళీగనే తీస్కపో."